బస్సుల్ని తిట్టే మూర్తిగారు

సత్యనారాయణమూర్తి బస్సెక్కడు. కాలు బెణికినా ఎక్కడు, మాడు పగిలే ఎండలో నడిచైనా పోతాడు గానీ ఎక్కడు. అయినా తెల్లారేసరికి దోహాలోని ఉమ్ ఘువైలినా బస్టాపులో అందరికంటే ముందు నిలబడి ఉండేది ఆయనే.

"బస్సెక్కనోళ్ళకు బస్టాపుల ఏం పని సార్?" అని కొత్తలో అడిగింది అరుంధతి.

"నేను ట్రాము కోసం చూస్తున్నానమ్మా."

ఆ వీధిలో పట్టాలు లేవు, పైన తీగ లేదు. "ట్రాము లుసైల్ దిక్కు తిరుగుతదట గద? మా అల్లుడు చెప్పిండు" అంటే ఆయన మూతి తిప్పాడు.

"అదా? గంట కొట్టేవాడు లేడు, టికెట్టు చింపేవాడు లేడు. అదొక చల్లపెట్టె. నేను చెప్పేది మా తాతగారి ట్రాము. రంగంలోది."

తాతగారు శ్రీకాకుళం నుంచి బర్మా ఓడెక్కి రంగం, అదే రంగూన్, పోయి, అక్కడ ట్రాము కండక్టరయ్యాడట. తర్వాత బస్సు కంపెనీ ఒకటి దిగింది. రెండు కంపెనీలకూ వీధి వీధినా యుద్ధమే. ట్రాము ఆగిన చోట బస్సు ఆగరాదని తెల్లదొరల సర్కారు హుకుం వేస్తే, బస్సువాళ్ళు నాలుగడుగులు అవతల ఆగి జనాన్ని ఎగరేసుకుపోయేవారట. "ఒరే దొంగల్లారా!" అని తాతగారు ఫుట్‌బోర్డు మీంచి అరిచేవాడట. ఆఖరికి జపానువాళ్ళ బాంబులు పడ్డ రోజున ట్రామును షెడ్డుకి చేర్చకుండానే కాలినడకన ఊరు విడిచాడట.

"షెడ్డు చేరని బండి ఏమవుతుందమ్మా?" గొంతు తగ్గించాడు మూర్తి. "తిరుగుతూనే ఉంటుంది."

నవ్వుదామనుకుంది అరుంధతి. నవ్వు రాలేదు. అప్పుడే ఆయన "జరగండి, జరగండి" అంటూ రెండు చేతులూ చాచాడు. పనికి పోయే ఆడవాళ్ళూ, లేబర్ క్యాంపు మగవాళ్ళూ అందరూ ఒక్కసారిగా వెనక్కి జరిగారు. రోడ్డు ఖాళీ. ఏదీ రాలేదు. కానీ ఆ ఉడుకులో ఎక్కడిదో చల్లగాలి కాళ్ళ మధ్య నుంచి దూరిపోయింది. రోడ్డు మీది దుమ్ము బారుగా లేచి, ఏదో సాగిపోయినట్టే మలుపు దాకా పోయి పడుకుంది. నేపాలీ వాచ్‌మన్ కళ్ళు మూసుకుని దండం పెట్టాడు.

అరుంధతి ఆయన దగ్గరికి జరిగింది. "మరి ఎక్కలేదేంది సార్?"

"కిటకిటలాడుతోందమ్మా. కాలు పెట్టే చోటు లేదు."

రోజూ ఆ వెనకే బస్సు వచ్చేది. అప్పుడు చూడాలి ఆయన్ని. "వచ్చాడండీ దొంగ! వుకైర్ పోతాడట, వుకైర్! వీడి బండి తగలెయ్య, ఎక్కకండి!" ఇంకోటి వస్తే, "వీడొకడు! మదీనత్ ఖలీఫా! వీడి మొహానికి మదీనత్ ఖలీఫా ఒకటి తక్కువైంది!" ఆయన వద్దన్న కొద్దీ జనం తోసుకుని ఎక్కేవాళ్ళు. వుకైర్ దొంగలోకి అరుంధతి ఎక్కేది.

ఆమె సంగతి కూడా చెప్పాలి. ఉండేది ఇంజినీరు కొడుకు ఆదిత్య దగ్గర; కూతురు తన్మయి వుకైర్‌లో ఉంటుంది, బ్యాంకులో ఆఫీసరు. తల్లి చదువు రెండో తరగతి, అదీ సగంలోనే. బస్సు నుదుటి మీద వెలిగే అక్షరాలు ఆమెకు చీమల బారు. ఆ మాట కన్న పిల్లలకు కూడా చెప్పలేదు, చెప్పదు. ఒకసారి తప్పు బస్సెక్కి ఎక్కడో తేలి, "ఊరు చూద్దామని పోయిన, నీకేంది?" అని కూతురి మీదే గయ్యిమంది.

"మల్ల ఇట్లయితే అమ్ముకు ఆయాను పెట్టుకుంట" అంది తన్మయి. అమ్ము మనవరాలు. తల్లి డ్యూటీ నుంచి వచ్చేదాకా దాని మకాం అమ్మమ్మ ఒళ్ళోనే. ఆ ఒక్కటీ పోతే అరుంధతికి దోహాలో మిగిలేది నాలుగు గోడలూ, ఒక ఏసీ.

ఒకనాడు లేచేసరికి ఊరు లేదు. ఇసుక గాలి రేగి ఎదురు బిల్డింగును మింగేసింది. సూర్యుడు అరిగిపోయిన రాగి పైసలా వేలాడుతున్నాడు. బస్టాపులో ముసుగులే తప్ప మొహాలు లేవు. మూర్తి లేడు.

ఒక బస్సు వచ్చింది. తలుపు తెరుచుకుంది. ఎవరూ కదల్లేదు. తిట్టు పడందే ఎక్కే అలవాటు పోయింది వాళ్ళకు. తలుపు మూసుకుని అది దుమ్ములో కలిసిపోయింది.

"అదెటు పోయేది పెద్దమ్మా?" అంది షబానా. ఇళ్ళల్లో పనిచేస్తుంది, నిజామాబాద్ పిల్ల.

"నాకేమెరుక? కండ్ల నిండ దుమ్మే."

ఫోను మోగింది. "అమ్మా, యాడున్నవే? నాకు టైమైతుంది. రాకుంటే చెప్పు, ఆయాను చూసుకుంట."

"వస్తున్న!" అంది. ఎలా? డ్రైవర్ని అడగొచ్చు. అడిగితే బోర్డు చూడలేదా అంటాడు. ఇంతమంది ముందు, ఇంజినీరు తల్లిని!

అప్పుడు వినిపించింది గొంతు. మనిషి లేడు. దుమ్ములోంచి, రోడ్డు నడిమధ్య నుంచి, గొంతొక్కటే జరుగుతూ వస్తోంది. "దొంగ! వుకైర్ దొంగ! ఎక్కకండి!"

షబానా ఆమె చెయ్యి పట్టేసుకుంది. "పెద్దమ్మా, ముసలాయన పోయిండేమో! తాత బండెక్కి వస్తుండు!"

గొంతు వచ్చిన చోటే రెండు మసక లైట్లు తేలాయి. బస్సే. దారి కానరాక డ్రైవరు తలుపు తెరిచే నడుపుతున్నాడు. ఆ తలుపులో కమ్మీ పట్టుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని, మీసాల నిండా ఇసుకతో సత్యనారాయణమూర్తి!

"సార్! మీరు బస్సెక్కిన్రా?"

"ఛీ, ఎక్కడమేమిటి? వెనక స్టాపులో శత్రువు కోటలో దూరానమ్మా. ఈ దుమ్ములో బోర్డు ఎవరికీ కనబడదు కదా."

ఆ 'ఎవరికీ' అనేటప్పుడు ఆయన ఆమె వైపు చూడలేదు. కావాలనే చూడలేదు. అరుంధతికి బోధపడింది. ఎక్కి కూర్చుని, కాసేపు కిటికీలోని ఎర్రటి శూన్యాన్ని చూసి, ఆగలేక అడిగింది.

"సార్, బస్సును తిట్టాలంటే తిట్టున్రి. నడుమ ఊరి పేరెందుకు?"

"పేరు చెప్పకపోతే తిట్టు తగలదమ్మా."

వుకైర్‌లో స్టాపు ఎదురుగానే తన్మయి, చంకలో అమ్ముతో. పిల్ల చేతులు చాచి అమ్మమ్మ భుజం ఎక్కేసింది. వెనక్కి చూస్తే మూర్తి దుమ్ములోకి నడక మొదలుపెడుతున్నాడు. వాళ్ళు దిగిన బస్సే తిరుగుమొహం పట్టి ఆగి ఉంది. ఆయన దాని వంక చూడను కూడా లేదు.

అరుంధతి కొంగు బిగించి రోడ్డు మీదికొచ్చింది.

"ఓరి దొంగనాయాల! ఉమ్ ఘువైలినా పోతవురా నువ్వు? నీ మొగం మండ! సార్, ఎక్కకున్రి, వీని బండి అస్సలెక్కకున్రి!"

మూర్తి ఆగాడు. మీసాల్లోంచి ఇసుక రాలేలా నవ్వాడు. బుద్ధిమంతుడిలా వచ్చి బస్సెక్కాడు.

"అమ్మా, నీకేమైందే?" తన్మయి నోరు తెరిచింది.

"నోట్లె దుమ్ము పోతది, మూసుకో" అంది అరుంధతి. "నువ్వు డ్యూటీకి పో. నేనూ అమ్మూ ఇంకో బస్సును తిట్టి వస్తం."