దున్న మెడకు రాసిన నూనె

మలయాలో కువాలా సెలంగోర్ దారిలో మేము పనిచేసే రబ్బరు తోటలో ఇనప చక్రాల పాత ట్రాక్టరు ఒకటి ఉండేది. లైన్లలో, అంటే కూలీల ఇళ్ల వరసల్లో, అందరూ దాన్ని దున్న అనేవారు. దాన్ని నడిపేది మా మామయ్య. అమ్మా నాన్నా పోయాక ఆయనా అత్తా నన్ను పెంచారు, కౌలాలంపూర్‌లో యంత్రాల చదువు చదివించారు.

ఆ ఏడు రబ్బరు ధర పడిపోయింది. పని లేనివాళ్లను ఓడెక్కించి స్వదేశానికి పంపేస్తున్నారు. దున్నను పాత ఇనుము కింద అమ్మేస్తానని తోట దొర అన్నాడు. దున్న పోతే దాన్ని తోలే మనిషితోనూ పని ఉండదు. అప్పుడే వానలకు గట్టు జారి తోట రోడ్డు బురదతో మూసుకుపోయింది. కొట్టంలో మూలన పడి ఉన్న బురద తోసే పలకను బాగుచేసి, మళ్లీ దున్న ముందు బిగిస్తానని దొరకు చెప్పాను. ఆదివారం వచ్చి చూస్తానన్నాడు.

పలక కింది అంచును తుప్పు తినేసింది. కొత్త ఇనప బద్ద వేశాను. పలకను బండికి పట్టి ఉంచే ఇనప చేతుల్లో ఒకటి వంగింది. కొలిమిలో కాల్చి తిన్నగా కొట్టాం. బోల్టుల కన్నాలు సాగాయి. క్లాంగ్ పట్నం నుంచి పెద్ద బోల్టులు తెచ్చాను. అన్నిటికంటే ముఖ్యం పలకను గొలుసుతో పైకి లేపే డ్రమ్ము. దాని చుట్టూ గుడ్డ పొర ఉన్న బ్రేకు పట్టీ ఉంటుంది. పట్టీ గట్టిగా పట్టుకుంటేనే పలక ఎత్తిన చోట నిలుస్తుంది. జారిందా, పలక నేలలో దిగబడి బండి ఆగిపోతుంది. శనివారం పలకను ఎత్తి, దించి, అంతా సరిచూసుకుని ఇంటికి వెళ్లాను.

ఆదివారం పొద్దున దొర కళ్లముందే మామయ్య పలకను ఎత్తాడు. అది మెల్లగా జారి బురదలో దిగింది. ఇంజను ఆగిపోయింది. మళ్లీ ఎత్తాడు, మళ్లీ జారింది. దొర టీ తాగి వస్తానని బంగళాకు వెళ్లిపోయాడు.

వంగి చూశాను. డ్రమ్ము పచ్చగా మెరుస్తోంది.

“మామయ్యా, దీనికి ఏం రాశావు?”

“ఏటి రాస్తాను, కొబ్బరి నూని, పసుపూ. కొత్తగా కాడెత్తిన దున్నకి మెడ ఒరిసిపోదేటి? మా ఊర్లో అలగే సేసినోళ్లం.”

“ఇది దీని మెడా?”

“బరువంతా అదే కదరా మోస్తంది.”

గట్టు మీదున్న అత్త అందుకుంది. “నాను నడుం నొప్పంటే ఒక్కనాడు రాసినాడు కాదు. దున్నకయితే గిన్నెడు పోసినాడు.”

అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది. పట్టీ విప్పి దాన్నీ డ్రమ్మునూ కిరసనాయిలుతో తుడిచాను. పైనూనె పోయింది గానీ పట్టీ గుడ్డలోకి ఇంకినది పోలేదు. దాన్ని పీల్చేది ఏదైనా కావాలి. అత్త జిడ్డు మూకుళ్లు తోమడం గుర్తొచ్చింది.

“అత్తా, పొయ్యిలో బూడిద ఉందా? చల్లారినది.”

“ఎంత కావాల?”

“ఉన్నదంతా.”

అత్త లైను పొడుగునా కేకేసుకుంటూ వెళ్లింది. ఆడవాళ్లు చేటల్లో, కొబ్బరి చిప్పల్లో బూడిద తెచ్చారు. బొగ్గు ముక్కలు లేకుండా అత్త పాత గుడ్డలో జల్లించి ఇచ్చింది. పట్టీని బూడిదలో రుద్దాను, దులిపాను, మళ్లీ రుద్దాను. ముద్దముద్దగా రాలిన బూడిద చివరికి పొడిగా రాలింది. పట్టీ బిగించి పలక ఎత్తాం. దాని మీదెక్కి నిలబడ్డాను. జారలేదు.

దొర తిరిగి వచ్చేసరికి దున్న కల్వర్టు దాటేసింది. బురద పక్కకు పొర్లుతోంది. తెరిచిన రోడ్డు మీదే ఆయన కారు మా వెనకాల దాకా వచ్చింది. రేపు తోటలోని రెండో రోడ్డు మీది బురద కూడా తీయగలవా అని మామయ్యను మలయ్ భాషలో అడిగాడు.

“బోలే, తువాన్,” అన్నాడు మామయ్య. తీయగలను దొరా అని.

సాయంత్రం నన్ను పక్కకు పిలిచాడు. “అల్లుడా, మరి నూని ఎక్కడ రాయాల?”

పలక చేతుల దగ్గరి కీళ్లు చూపించాను. ఇప్పటికీ వారం వారం వాటికి నూనె రాస్తాడు, పసుపు బొట్టూ పెడతాడు. పెట్టుకోనీ అనుకుంటాను. దున్నా ఉంది, తోలే మామయ్యా ఉన్నాడు.

పట్టీలోని నూనెను ఏ ఇంటి బూడిద పీల్చిందో నేను చెప్పలేను. అందుకే లైన్లలో ఎవరింట్లో ఏది విరిగినా, పిలవకపోయినా పనిముట్లు తీసుకుని వెళ్తాను.