బెల్టు విడిచేదాకా

మా యాడికి కుస్తీల పిచ్చి ఎక్కించింది నేనే. ఈ మాట ముందే ఒప్పుకోవాలి. తరవాత జరిగినదానికి ఇంకొకర్ని అనడానికి నాకు నోరు లేదు.

అమ్మను మేం యాడి అంటాం. మాది తిరుమలాయపాలెం వైపు ఒక తండా. నేను నాలుగు అక్షరాలు చదువుకుని ఒక సర్కారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటునయ్యాను. ఖమ్మం ఖానాపురం హవేలిలో కిరాయి ఇంట్లో నేనూ మా ఆయనా ఉంటాం. యాడికి రెండు కిడ్నీలూ పాడయ్యాయని తెలిశాక ఆమెను నా దగ్గరికే తెచ్చుకున్నాను. మంగళ, గురు, శనివారాలు ఖమ్మం దవాఖానాలో డయాలసిస్. పోయినప్పుడల్లా నాలుగు గంటలు మంచం మీద కదలకుండా పడుకోవాలి.

అక్కడి సూది అంటే జ్వరమొస్తే పొడిచే సూది కాదు. మోచేతి దగ్గర నరాలు కలిపి కుట్టిన చోట లావుపాటివి రెండు గుచ్చుతారు. ఒకదాంట్లోంచి రక్తం మిషన్లోకి పోతుంది, శుభ్రమై రెండోదాంట్లోంచి ఒంట్లోకి వస్తుంది. మొదటి నెల యాడి కిక్కురుమనలేదు. రెండో నెలలో ఒక శనివారం తిరిగొస్తూ ఆటోలో, "ఇగ చాలు బిడ్డా, నన్ను తండాకు తోల్కపో" అంది. మానేస్తే ఏమవుతుందో డాక్టరు చెప్పిందంతా ఆమెకు చెప్పాను. ఒంట్లో నీరు ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతుంది, వారం, మహా అయితే రెండు వారాలు. ఎప్పుడో ఒకప్పుడు ఎక్కేదే కదా అంది. నేను ఏడ్చాను, అరిచాను, ఒక పూట అన్నం మానేశాను. నా పోరు పడలేక మంగళవారం వచ్చింది గానీ, దారంతా నాతో మాట్లాడలేదు.

ఆ మంగళవారమే వార్డులో గోడ మీది టీవీలో విదేశీ కుస్తీలు పెట్టారు. మిషన్లు చూసే టెక్నీషియన్‌కు అవంటే ఇష్టం. రిమోట్ అతని జేబులో ఉంటుంది కాబట్టి అందరికీ అవే. మిగతా పేషంట్లు మొహం తిప్పుకున్నారు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది.

చిన్నప్పుడు మా అన్నలకంటే నాకే ఆ పిచ్చి ఎక్కువ. పన్నెండో ఎక్కం రాదు గానీ, ప్రపంచ ఛాంపియన్లు ఎవరి తరవాత ఎవరో గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేదాన్ని. మల్లయోధుల బొమ్మలున్న కార్డుల ఆటలో అన్నలిద్దరినీ ఓడించి, వాళ్ళు జుట్టు పట్టుకుంటే వాళ్ళ చెయ్యి కొరికేదాన్ని. ఆడపిల్లకు కుస్తీలేందని యాడి చీపురు తిరగేసేది. అదే యాడి ఇప్పుడు సూదులతో పడుకుని, ఏం చెయ్యాలో తోచక, "గాయన నడుముకు కట్టుకున్నదేంది?" అని అడిగింది. ఆ పొద్దున్నుంచి నాతో అన్న మొదటి మాట అది. నేను స్టూలు దగ్గరికి జరుపుకున్నాను.

ప్రపంచ ఛాంపియన్ బెల్టు అన్నాను. ప్రపంచమంటే మన ఖమ్మం కూడా అందులో వచ్చిందా అని అడిగింది. వచ్చింది అన్నాను. మరి మనల్ని ఎవరూ అడగలేదే అంది. పక్క మంచం మీది పెద్దాయన కిసుక్కున నవ్వాడు. ఆయన చండ్రుగొండ అవతల అడవి ఊళ్ళో ఉండే కోయ మనిషి. తెల్లవారకముందే బయలుదేరి, ఫస్టు బస్సుకు వచ్చేవాడు.

ఆ రోజు నుంచి ఆ మంచాల మధ్య నేనొక బడి పెట్టాను. పాత రోజుల్లో ఆ కుస్తీలు ఆడే దేశంలో ఒక్కో ప్రాంతానికి ఒక్కో కంపెనీ ఉండేదనీ, ఎవరికి వాళ్ళు మా వాడే ప్రపంచ ఛాంపియన్ అనుకునేవాళ్ళనీ చెప్పాను. తరవాత కొన్ని కంపెనీలు కూడబలుక్కుని ఒకే ఛాంపియన్‌ను పెట్టుకున్నాయి. అతను ఊరూరూ తిరగాలి. ప్రతి ఊళ్ళో అక్కడి వీరుడితో తలపడాలి, ఓడిపోయేంత పనై ఎలాగో బయటపడి, బెల్టు సంచిలో వేసుకుని ఇంకో ఊరి బండెక్కాలి. ఒంట్లో బాగున్నా బాగోకపోయినా ఆ రోజుకు ఆ ఊళ్ళో ఉండాలి. టీవీలొచ్చాక ఒక పెద్ద కంపెనీ చిన్నవాటిని మింగేసింది. బెల్టులు కలిపారు, విడదీశారు, పేర్లు మార్చారు. ఒకప్పుడు ఒకరి నడుముకే ఏళ్ళ తరబడి ఉన్న బెల్టు, ఇప్పుడు నెలల్లో చేతులు మారుతుంది. కట్టుకున్న కాసేపటికే పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు.

ఒక్క సంగతి మాత్రం చెప్పలేదు. ఎవరు గెలవాలో, ఎన్నాళ్ళు ఉంచుకోవాలో కంపెనీ వాళ్ళు ముందే కూర్చుని నిర్ణయిస్తారనీ, ఆ ప్రకారమే వీళ్ళు కొట్టుకుంటారనీ చెప్పలేదు. నాకు అది పదో తరగతిలో తెలిసింది. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. యాడికి ఆ బాధ ఎందుకులే అనుకున్నాను.

ఆ నెలలోనే ఒకాయన కొత్తగా ఛాంపియన్ అయ్యాడు. వయసు మీద పడ్డ మనిషి, ఎడమ మోకాలికి పట్టీ వేసుకుని కుంటుతూ వస్తాడు. యాడి ఆయనకు మోకాలాయన అని పేరు పెట్టింది. ఆమెకూ ఎడమ మోకాలే నొప్పి. ఆయన తానం చేసేటప్పుడు బెల్టు ఎక్కడ పెడతాడు, పెళ్ళాం పిల్లల్ని ఎప్పుడు చూస్తాడు, మోకాలికి ఏం రాసుకుంటాడు, అన్నీ కావాలి ఆమెకు. ఒకరోజు ఆయనను కుర్చీతో మోకాలి మీదే కొట్టారు. లేవలేడనుకున్నాం. తాళ్ళు పట్టుకుని లేచాడు. యాడి మిషన్ వైపు ఒకసారి చూసి, అందరికీ వినపడేటట్టు, "గాయన గా బెల్టు ఇడిసేదాక నేను గీ సూది ఇడువ" అంది.

ఆ మాటకు నేనెంత పొంగిపోయానో! ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పి గంతులేశాను. నిజంగానే ఆనాటి నుంచి యాడి మారిపోయింది. నీళ్ళు కొలత ప్రకారం తాగింది. ఆదివారం, సోమవారం గ్యాపులో ఆయాసం వచ్చినా, మంగళవారం నాకంటే ముందు తయారై గుమ్మంలో కూర్చునేది. పెద్దాయన ప్రతివారం వేరేవాడి పక్షం మాట్లాడి ఆమెను ఉడికించేవాడు. ఆమె తిట్టేది, ఆయన నవ్వేవాడు. అట్లా ఏడాది దాటింది.

ఏడాది దాటాక నాకు భయం పట్టుకుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్నదాన్ని, గుర్తులు నాకు తెలుసు. ఒక కుర్రవాణ్ణి ప్రతివారం గెలిపిస్తున్నారు. జనంతో వాడి పేరు అరిపిస్తున్నారు. మోకాలాయన చేత వాడికి చెయ్యి కలిపిస్తున్నారు. బెల్టు దించబోతున్నారని అర్థం. నా తల్లి ప్రాణం ఎక్కడో ఏసీ గదిలో కూర్చుని కథ రాసేవాళ్ళ చేతుల్లో పడింది. వాళ్ళకు ఖమ్మం అనే ఊరుందని కూడా తెలియదు.

ఇక్కడ నేను చేసిన పని చెప్పుకుంటే నవ్వుతారు. ఆఫీసు కంప్యూటర్‌లో ఆ కంపెనీకి ఒక దరఖాస్తు రాశాను. మాకు చేతనైన పద్ధతిలోనే, పైన విషయం అని పెట్టి, కింద మనవి చేయునది ఏమనగా అన్నట్టు ఇంగ్లీషులో నాలుగు పేరాలు. మా అమ్మ పరిస్థితి రాసి, ప్రస్తుత ఛాంపియన్‌ను మరికొంత కాలం కొనసాగించవలసిందిగా కోరాను. దవాఖానా కాగితం జత చేశాను. మర్నాడు జవాబొచ్చింది. మీ అభిమానానికి కృతజ్ఞతలు, అచ్చం ఛాంపియన్ బెల్టులాంటిది మీరూ ఇంటికి తెప్పించుకోవచ్చు అని. కంప్యూటర్ తనంతట తానే అందరికీ పంపే జవాబు అది. బాత్రూములోకి వెళ్ళి మొహం కడుక్కున్నాను.

ఒక ఆదివారం పొద్దున్నే పెద్ద పోటీ ఫోన్‌లో చూశాను. యాడి బయట మెట్ల మీద కూర్చుని గోంగూర వలుస్తోంది. కుర్రవాడు మోకాలాయనను ఎత్తి పడేశాడు. రిఫరీ మూడుసార్లు నేల చరిచాడు. అంతే, అయిపోయింది. మా ఆయన టీ పట్టుకొచ్చి నా మొహం చూసి, ఎవరు పోయారని అడిగాడు.

టీవీ వెనక కేబుల్ తీగ పీకేశాను. పోటీ ఏమైందని యాడి అడిగితే, వాన పడి వాయిదా పడిందన్నాను. లోపల ఆడే ఆటకు వానేందని అడిగింది. అక్కడ వానలు అట్లాగే ఉంటాయని బుకాయించాను. టెక్నీషియన్‌కు ఫోన్ చేసి, మంగళవారం ఏదైనా సీరియల్ పెట్టు తమ్ముడూ అని బతిమాలాను. అన్నీ చేసి, పెద్దాయనకు ఒక్క మాట చెప్పడం మరిచాను. నా నెత్తి మీద నేనే మొట్టుకోవాలి.

మంగళవారం యాడికి రెండు సూదులూ ఎక్కించాక, ఆయన ఈ పక్కకు తిరిగి, "నీ మోకాలాయన ఓడిపోయిండమ్మా. మా ఊళ్ళె ఫోన్ల సూపెట్టిండ్రు" అన్నాడు. ఉడికించడానికి కాదు, పరామర్శకు అన్నాడు పాపం. యాడి నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. సూదులు ఉన్నాయి కాబట్టి నాలుగు గంటలు పడుకుంది. తీసేశాక, దూది గట్టిగా అదుముకుంటూ, గురువారం నుంచి రానని నిమ్మళంగా చెప్పింది.

ఇంటికొచ్చాక ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని దాచిపెట్టిన సంగతి బయటపెట్టాను. ఆ ఓటమి లెక్కలోకి రాదని నిరూపించాలన్నదే నా తాపత్రయం. అది ఓడిపోవడం కాదు, ఓడిపొమ్మన్నారు అన్నాను. కంపెనీ వాళ్ళు అంతా ముందే రాసి పెడతారు అన్నాను. ఆమె మోసపోయానని అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ఏదో కూలి పని సంగతి కనుక్కున్నట్టు ఒక్కొక్కటే అడిగింది. ఆయనకు ముందే చెబుతారా? చెబుతారు. ఒప్పుకుంటాడా? ఒప్పుకుంటాడు. నేను హుషారులో పడి ఇంకా చెప్పుకుపోయాను. బెల్టు పట్టుకోవడం కంటే అప్పగించడమే గొప్ప పనితనం అన్నాను. పడేవాడు సక్కగా పడకపోతే గెలిచినవాడికి ఇజ్జత్ ఉండదు, మోకాలాయన ఎంత బాగా పడ్డాడో చూస్తే తెలుస్తుంది అన్నాను. నా నోరు నేను ఆపుకుని ఉంటే ఎంత బాగుండేదో.

యాడి సూది మచ్చల మీద వేలితో రాసుకుంది.

"గాయన నసీబు మంచిది," అంది. "ఇగ చాలు, మంచిగ చేసినవ్, పండుకో అని చెప్పెటోళ్ళు ఉన్నరు. నాకు గా మాట ఎవరు చెప్తరు బిడ్డా?"

నేను ఆమె పాదాలు పట్టుకున్నాను.

"డాక్టరు చెప్పడు. నీ అన్నలు చెప్పరు. నువ్వే చెప్పాలె. నువ్వు చెప్పేదాక పోత. చెప్పినంక పోను."

సరే అన్నాను. గురువారం వస్తుంది కదా అన్న ఒక్క ఆశతో అన్నాను. ఆ క్షణంలో గెలిచాననే అనుకున్నాను, ఎంత తెలివితక్కువదాన్నో చూడండి.

అప్పటి నుంచి వారానికి మూడు పొద్దులు, ఆటో వచ్చి ఆగినప్పుడు, ఆమె నన్ను "ఇయ్యాలనా?" అని అడుగుతుంది. కూర ఏందని అడిగినట్టే అడుగుతుంది. నేను కాదు అంటాను. మొదట్లో పళ్ళు తోముకుంటూ కూడా కాదు అనేసేదాన్ని. తరవాత చేతిలో నరం మూసుకుపోయి, మెడకు గొట్టం వేశారు. పిక్కలు పట్టేసినప్పుడు అరుపు బయటికి రాకుండా కొంగు నోట్లో కుక్కుకుంటుంది. తిరిగొచ్చిన రోజు అన్నం ముందు కూర్చుని నిద్రపోతుంది. మర్నాడు కొంచెం తేరుకుంటుంది, ఆ మర్నాడు మళ్ళీ ఆటో. ఇంత హింసకు నేనే సంతకం పెడుతున్నాను. మాన్పించే దమ్ము లేదు, దవాఖానాకు పొమ్మనే హక్కు ఉందో లేదో తెలియదు. డాక్టరును అడిగాను, అది మీ ఇంటివాళ్ళు అనుకోవాల్సిన విషయమమ్మా అన్నాడు. అన్నలకు ఫోన్ చేశాను, నువ్వెట్లంటే అట్లే అన్నారు. అందరూ నాకే వదిలేశారు.

మొన్న శనివారం ఆటో హారన్ కొట్టింది. యాడి గోడ పట్టుకుని, ఒక కాలు చెప్పులో పెట్టి, ఎప్పటిలాగే అడిగింది. కాదు అందామని నోరు తెరిచాను. మాట రాలేదు. ఆమె నా మొహంలోకి చూస్తూ నిలబడింది. ఆటో ఆయన ఇంకోసారి హారన్ కొట్టాడు.

యాడి రెండో కాలు కూడా చెప్పులో పెట్టుకుంది. నా భుజం పట్టుకుని మెట్టు దిగుతూ, "నిమ్మళంగ చెప్పు బిడ్డా, నాకేం జల్దీ లేదు" అంది.