ఎదురు తొట్టిలో నాన్న

2023, వానాకాలం. జొన్నాడకు కాస్త దూరంలో, హైవే పక్కనున్న ఒక థీమ్ పార్కులో జెయింట్ వీల్ నా చేతికింద ఉండేది. పార్కు పేరు అనవసరం. అప్పటికి నాకు అరవై తొమ్మిదేళ్లు. బడి చదువు మూడో తరగతితో ఆగిపోయింది. మిగతాదంతా తీర్థాల్లో, జాతరల్లో రంగులరాట్నాలు తిప్పుతూ, మోటార్లకు అంటించిన రేకుల మీది అక్షరాలు కూడబలుక్కుంటూ, పాత పుస్తకాల కొట్లో కొన్న ఐటీఐ పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్నదే. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, పార్కుకు వచ్చిన ప్రతి కొత్త ఇంజనీరూ బ్రేకు అంటే ఏమిటో నాకు వివరించడం మొదలుపెట్టేవాడు. విని ఊరుకోవడం నాకు ఈ జన్మకు అలవాటు కాలేదు.

జనం నిండుగా ఉన్న రోజు జెయింట్ వీల్‌ని ఎవరైనా తిప్పగలరు. పన్నెండు తొట్లూ నిండితే బరువు దానంతటదే సర్దుకుంటుంది. పని తెలిసినవాడి అవసరం పడేది జనం లేని రోజునే. ఒక తొట్టిలో ఇద్దర్ని కూర్చోబెట్టి, దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న తొట్టిని ఖాళీగా వదిలేశామనుకోండి. పైకి వెళ్లేటప్పుడు మోటారు మూలుగుతుంది. దిగేటప్పుడు చక్రం బరువు వైపు జారుతుంది. దాన్ని పట్టి ఆపడానికి బ్రేకు అరిగిపోతుంది. అందుకే ఎదురెదురు తొట్లలో దాదాపు సమానమైన బరువు ఉండాలి. దీన్ని మేము లోడ్ బ్యాలెన్స్ అంటాం. మనిషి గేటు దగ్గర నిలబడగానే ఎంత తూగుతాడో చూపుతోనే చెప్పేస్తాను. రెండు మూడు కిలోలు అటూ ఇటూ అవుతుందేమో, అంతే. యాభై ఏళ్లుగా నేను మనుషుల్ని చూసిన చూపు అదే. ఇటు ఎంత, అటు ఎంత.

ఆ మంగళవారం పొద్దుటి నుంచీ ముసురు. పార్కులో మేము పనివాళ్లమే తప్ప మనుషులు లేరు. పదకొండు దాటాక కాస్త తెరిపిచ్చింది. అప్పుడు వచ్చారు ముగ్గురు, మొగుడూ పెళ్లాం, ఆరేళ్ల ఆడపిల్ల. అప్పనపల్లి వైపు నుంచి వచ్చామన్నారు. అతనికి ముప్పై అయిదేళ్లుంటాయి. ఎర్ర చొక్కా. మడతలు కూడా విడవలేదు. ఫోన్‌లో ఏదో చదువుకుంటూ, మళ్లీ తలెత్తి చుట్టూ వెతుక్కుంటూ నా దగ్గరికొచ్చాడు.

"బాబాయ్ గారూ, వేవ్ పూల్ వెనకాల సీక్రెట్ టన్నెల్ ఉందంట కదండీ. ఎటెళ్లాలండీ?"

"వేవ్ పూల్ వెనకాల పంపు రూము ఉంది. రెండు మోటార్లు, బోల్డంత నాచు. చూస్తావా?"

"కాదండీ. ఈ పార్కులో ఎవరికీ తెలీని ఏడు వింతలని వీడియో పెట్టేడండి ఒకాయన. ఇక్కడి గుహ రైడులో మూడో మలుపు దగ్గర గోడకి చెవి ఆనిస్తే సముద్రం ఇనపడుద్దంట."

"అది ఏసీ పైపు. కారిపోతందని రెండు నెలల్నించీ రాసిస్తానే ఉన్నాను."

వెనక నుంచి భార్య నవ్వింది. "ఇంటికాడే చెప్పేనండి. నా మాట ఇంటేనా? రాత్రంతా అదే చూసేరు."

నాకు ఒళ్లు మండింది, అతని మీద కాదు, ఆ వీడియో చేసినవాడి మీద. ఒక పూట వచ్చి, ఒక రైడు కూడా సరిగ్గా ఎక్కకుండా, ఏడు వింతలున్నాయని ప్రపంచానికి చెప్పేస్తాడు. నమ్మి వచ్చినవాళ్లు పిల్లల్ని ఈడ్చుకుంటూ గోడలకు చెవులు ఆనిస్తూ తిరుగుతారు. పొద్దున్నే ఎక్కి నట్లు బిగించినవాణ్ని ఒక్కడూ ఏమీ అడగడు. ఈ మాటలన్నీ అతనికి వినిపించేలాగే అన్నాను. అతను నొచ్చుకోలేదు. "మరేనండి, మరేనండి" అంటూ ఫోన్ జేబులో పెట్టుకుని, "అయితే ఇదైనా ఎక్కుదామమ్మా?" అని పిల్ల వైపు వంగి రెండు చేతులూ చాచాడు.

పిల్ల కెవ్వుమంది. తల్లి చీర కుచ్చిళ్లలోకి దూరి, అక్కణ్నించి అతని చేతిని తోసేసింది. అతను ఇంకోసారి ప్రయత్నించాడు, ఈసారి జేబులోంచి చాక్లెట్ తీసి. పిల్ల చాక్లెట్ తీసుకోలేదు సరిగదా, ఏడుపు లంకించుకుంది.

నేను చాలామంది తండ్రుల్ని చూశాను. ఇంట్లో తాగి గోల చేసేవాళ్ల పిల్లలు ఇలాగే బిగుసుకుపోతారు. నా లెక్క తేలిపోయింది. నోరు ఆగలేదు.

"కన్నపిల్ల నీ చెయ్యి చూసి జడుసుకుంటందంటే నువ్వేం తండ్రివయ్యా? ఇంట్లో ఏం చేస్తావేంటి దాన్ని?"

అతని మొహం మాడిపోయింది. భార్య మాత్రం ఊరుకోలేదు.

"ఏటండీ ఆ మాట? పెద్దవారని ఊరుకుంటన్నాను. ఆయన పిల్ల మీద చెయ్యెత్తిన మనిషి కాదు."

"పోన్లేయే, ఊరుకో" అన్నాడతను మెల్లగా.

అంతలో మళ్లీ చినుకులు మొదలయ్యాయి. బ్రేకు షూలు తడిస్తే పట్టు తగ్గుతుంది కాబట్టి చినుకుల్లో చక్రం తిప్పకూడదు. నలుగురం ఆపరేటర్ షెడ్డు రేకు కిందికి చేరాం. నేను అన్న మాట అందరి మధ్యా అలాగే ఉంది. పిల్ల ఏడుపు ఆపింది. తల్లి పక్కన నిలబడి, చూరు నుంచి కారే నీటి కింద వేలు పెట్టి ఆడుకుంటూ, ఉన్నట్టుండి అడిగింది.

"అమ్మా, నాన్న ఇయ్యాల కూడా ఫోన్ చెయ్యలేదేంటే?"

తండ్రి దాని పక్కనే, మూరెడు దూరంలో ఉన్నాడు.

తల్లి కొంగుతో పిల్ల తడి చెయ్యి తుడిచింది. అతనే, వాన వైపు చూస్తూ, నాతో చెప్పాడు. మస్కట్‌లో ఏసీ డక్టుల పని. పిల్లకు ఏడాదిన్నరప్పుడు వెళ్లాడు. రెండుసార్లు సెలవు ఖాయమైనట్టే అయి తప్పిపోయింది. నాలుగున్నరేళ్లకు, నెల రోజుల సెలవు మీద ఇప్పుడు వచ్చాడు. ఆ నెలా అయిపోవచ్చింది.

"ఫోన్లో అయితే గంటసేపు మాట్లాడుద్దండి నాతోటి. అన్నం తింటా చూపిత్తది, ఊడిన పన్ను చూపిత్తది. నేనొచ్చినకాణ్నించి మాత్రం నా దగ్గరికి రాదు. నేనున్న గదిలో పడుకోదు. ఈయనెవరే, ఎప్పుడెళ్తాడే అని ఆళ్లమ్మనడిగిందండి మొన్న."

"ఎప్పుడు ప్రయాణం?"

"శుక్రవారమండి."

ఏడు వింతల కోసం రాత్రంతా ఎందుకు కూర్చున్నాడో అప్పుడు అర్థమైంది. మూడు రోజుల్లో ఆ పిల్ల తనను తండ్రిగా ఒప్పుకోకపోతే, మళ్లీ ఎన్నేళ్లకో వచ్చేటప్పటికి ఇంకెంత దూరమైపోతుందో. తప్పయిందని అనాలి. వాన వెలిశాక వెళ్లి తొట్లలో సీట్లు తుడిచాను. తుడిచినవే మళ్లీ తుడిచాను.

తల్లీ పిల్లా ఒక తొట్టిలో ఎక్కారు. "నేను కిందుంటాలెండి" అన్నాడతను.

"కుదరదు బాబూ. ఎదురు తొట్టిలో బరువుండాలి. నువ్వెక్కితేనే చక్రం నడుస్తుంది" అన్నాను. ఇందులో దయ ఏమీ లేదు, పద్ధతి అంతే. తల్లీ పిల్లా కలిపి డెబ్బై అయిదు దాకా ఉంటారు. అతను అరవై అయిదు. చక్రం సగం తిప్పి అతన్ని ఎదురు తొట్టిలో కూర్చోబెట్టి, కాళ్ల దగ్గర పది కిలోల ఇసుక సంచి ఒకటి పెట్టి, గొలుసు వేశాను. స్విచ్ నొక్కాను.

రెండో చుట్టులో అతను జేబులోంచి ఫోన్ తీశాడు.

పైన ఫోన్ తీయకూడదు. అంత ఎత్తు నుంచి చేయిజారితే కిందివాడి తల పగులుతుంది. ఇలాంటివాళ్ల మీద నేను ఈల వేస్తాను, చక్రం ఆపి దింపేస్తాను, తిడతాను కూడా. ఈల నోటిదాకా వచ్చింది. కానీ అవతలి తొట్టిలో తల్లి చేతిలో ఫోన్ వెలిగింది. చుట్టూ చూశాను. చక్రం కింద నేను తప్ప పిట్ట లేదు. ఈల జేబులో వేసుకున్నాను.

తర్వాత నాకు వినిపించినవన్నీ ముక్కలే. ఏ తొట్టి కిందికొస్తే ఆ తొట్టిలోని మాట.

"నాన్నా! ఎక్కడున్నావ్? నేను జెయింట్ వీల్ ఎక్కేనుగా!" అంటూ పిల్ల నన్ను దాటి పైకి వెళ్లింది.

సగం చుట్టు తర్వాత అతను వచ్చాడు. ఫోన్ రెండు చేతుల్తో పట్టుకున్నాడు. "నేనూ ఎక్కేనమ్మా. అదుగో, నీకెదురుగానే."

మళ్లీ పిల్ల. "అబద్ధం! నువ్వు మస్కట్లో ఉంటావుగా."

మళ్లీ అతను. "ఎర్ర చొక్కా కనపడతందా? చెయ్యూపుతున్నాను చూడు."

ఆ తర్వాతి చుట్టులో తల్లి ఫోన్ చూపిస్తోంది. పిల్ల ఒకసారి ఫోన్‌లోకి, ఒకసారి చువ్వల మీదుగా ఎదుటికి చూస్తోంది. ఫోన్‌లో చెయ్యి ఊగుతోంది, ఎదుట కూడా చెయ్యి ఊగుతోంది. ఇంకో చుట్టు తిరిగి వచ్చేసరికి అది గొంతు చించుకుని అరుస్తోంది.

"నాన్నా, నువ్వు కిందకెళ్లిపోతన్నావ్! ఇప్పుడు నేను కిందకి! నాన్నా, కాళ్లూపు! కాళ్లు కూడా ఊపు!"

మామూలుగా ఎనిమిది చుట్లు. ఆ రోజు ఎన్ని తిప్పానో నేను లెక్కపెట్టలేదు.

దించడం తిప్పడం కంటే కష్టం. తల్లీ పిల్లా కింద దిగిపోగానే వాళ్ల తొట్టి తేలికైపోతుంది, అతను ఒక్కడూ నడినెత్తిన ఉంటాడు. బ్రేకు ఒక్కసారిగా వదిలితే చక్రం అతని బరువుతో ఊపుగా పడుతుంది. అంగుళం అంగుళం వదులుతూ తేవాలి. నేను బ్రేకు మీద ఉండగా, పిల్ల తల్లి చేతిలోంచి ఫోన్ లాక్కుని రెయిలింగు దగ్గర నిలబడి తల పైకెత్తింది.

"నాన్నా, దిగవేంటి?"

"వస్తన్నానమ్మా. తాతగారు మెల్లిగా దింపుతున్నారు."

"తాతా, తొందరగా దింపు మా నాన్నని!"

యాభై ఏళ్లలో నా పని గురించి వచ్చిన ఫిర్యాదుల్లో నేను ఎదురు చెప్పనిది అదొక్కటే.

అతను దిగి గేటు దాటాడు. ఫోన్ ఇంకా ఎత్తి పట్టుకునే ఉన్నాడు. ఫోన్ పెట్టేయడానికి అతనికి ధైర్యం చాలలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. ఒక్కో అడుగూ వేస్తూ పిల్ల దగ్గరికి వచ్చాడు. రెండు ఫోన్లలోనూ స్పీకర్ వేసి ఉందేమో, దగ్గరకొచ్చేసరికి రెండూ కలిసి కీచుమని గోల పెట్టాయి. పిల్ల చెవి మూసుకుంది.

"నాన్నా, కీచుమంటంది. పెట్టేయ్."

"పెట్టేత్తే మాట్లాడవేమోనమ్మా."

పిల్ల అతని బూట్ల నుంచి పైకి, మొహం దాకా చూసింది.

"ఇక్కడే ఉన్నావుగా" అంది. ఫోన్ తల్లికిచ్చేసి, రిషి అనేవాడు బళ్లో తన పెన్సిలు ఎలా విరగ్గొట్టాడో చెప్పడం మొదలుపెట్టింది. అతను మోకాళ్ల మీద కూర్చుని విన్నాడు. చేతులు చాచలేదు. చెబుతూ చెబుతూ అదే వచ్చి అతని మోకాలి మీద చెయ్యి ఆనించింది.

వెళ్లేటప్పుడు అతను నా దగ్గరికొచ్చి నమస్కారం పెట్టాడు. అప్పటికి నాకు మాట కూడింది.

"బాబూ, ఇందాక నేనన్నది..."

"ఆయ్, ఏటండీ? చక్రం చప్పుడుకి ఇనపళ్లేదండి" అన్నాడు.

నేను ఆ మాట అన్నప్పుడు చక్రం ఆగే ఉంది. ఆ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

వాళ్లు మళ్లీ రాలేదు. శుక్రవారం ఆ పిల్ల ఏం చేసిందో, ఇప్పుడు ఫోన్‌లో ఏం మాట్లాడుతోందో నాకు తెలియదు. నా బరువుల లెక్క ఆ రోజు కూడా తప్పలేదు. తప్పింది ఇంకో లెక్క. మనిషి ఎంత తూగుతాడో చూపుతో చెప్పగలిగినవాణ్ని, ఎలాంటివాడో కూడా అలాగే చెప్పగలననుకున్నాను. ఏళ్ల తరబడి గేటు దగ్గర ఎంతమందిని అలా తూచి పారేశానో, వాళ్లలో ఎంతమంది అతనిలాగే మర్యాద కొద్దీ వినపడనట్టు ఊరుకున్నారో ఇక తెలుసుకునే దారి లేదు.

కోపం పోలేదు. ఈ వయసులో పోదు కూడా. ఇంజనీర్లతో ఇప్పటికీ గొడవే. కానీ ఏ పిల్లైనా గేటు దగ్గర ఎవరి చెయ్యైనా తోసేసి మొరాయిస్తే, నేను ఆ పెద్దమనిషిని ఏమీ అనను. "తొందరేం లేదండీ" అంటాను. వాళ్లు తేల్చుకునేదాకా బ్రేకు మీద చెయ్యి వేసి ఊరికే నిలబడతాను.