మేకల కబ్జాలో మూడు గుంటలు

ఇవాళ పొద్దున తంగళ్ళపల్లిలోని మా షాపుకు ఒక సాంచె మోటరు వచ్చింది. మరమగ్గాన్ని ఇక్కడ సాంచె అంటారు. మూత విప్పగానే మాడిన వార్నిష్ వాసన గుప్పున ముక్కుకు కొట్టింది. ఆ వాసన తగిలిందంటే ఇక నేను సిరిసిల్ల పక్కన ఉండను. కోరుట్లలో, జగిత్యాల రోడ్డు మీద, యూసుఫ్ చాచా ఎదుట గొంతుక్కూర్చుని ఉంటాను. కాబట్టి మీకు ఇప్పుడొక మహాగాథ చెప్పబోతున్నాను. ఇందులో రాజ్యం ఉంది, దాని కోసం కుట్ర ఉంది, నమ్మకద్రోహం ఉంది, చివరికి సింహాసనం పోగొట్టుకున్న ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఇలా మొదలుపెడితే బాగుంటుందని అనుకున్నాను గానీ, అంత లేదు. రాజ్యం మూడు గుంటలు, అంటే ఎకరంలో పదమూడో వంతుకు కూడా కొంచెం తక్కువ. సింహాసనం ఒక మూల విరిగిన సిమెంటు బెంచీ. సైన్యం పన్నెండు మేకలు, అవి కూడా పక్కింటివి. ద్రోహి మాత్రం అసలైనవాడే. ఆ పని నేను చేశాను.

యూసుఫ్ చాచా బోరు మోటర్లకు వైండింగు చేసేవాడు. ఎండాకాలంలో కరెంటు ఎక్కువ తక్కువై మోటర్లు కాలిపోతే, చుట్టుపక్కల రైతులంతా వాటిని బండ్ల మీద వేసుకుని, మనిషిని దవాఖానకు తెచ్చినట్టు తెచ్చేవారు. నేను ఐటీఐ అయిపోయి, ఉద్యోగాలు నన్ను వెతుక్కుంటూ వస్తాయని ఆరు నెలలు ఇంట్లో ఎదురుచూసి, చివరికి ఆయన దగ్గర పనికి కుదిరాను. మొదటి రోజే రాగి తీగ చుడుతూ ఏదో జోకు వేశాను. చాచా కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వి, ముక్కు తుడుచుకుని, "ఎన్ని చుట్లయినయి?" అని అడిగాడు. నేను లెక్క మరిచిపోయాను. ఆయన చుట్టిందంతా విప్పి నా ఒళ్ళో పడేశాడు.

"నీ మస్కిరి మంచిగుంది బేటా. ఇగ మొదటికెంచి చుట్టు."

ఆయన కోపమంతా ఇంతే. పైగా నా మస్కిరి అంటే ఆయనకు ప్రాణం. మోటరు కాలి ఏడుపు మొహంతో వచ్చిన రైతుకు ముందు నీళ్ళిచ్చి, తర్వాత నన్ను చూపించి, "వీనితోని ఒక ముచ్చట చెప్పిచ్చుకో, బాధ తగ్గుతది" అనేవాడు. నాకు ఒక్క షరతు పెట్టాడు. పనిముట్లు షాపువి వాడకూడదు, ఒక్కొక్కటే సొంతంగా కొనుక్కోవాలి. "పానా నీదైతెనే, నచ్చని పనికి 'చెయ్య' అననీకి నోరు లేస్తది" అనేవాడు. నేను మొదటి పానా కొన్న రోజునే, "చాచా, ఇయ్యాల పని చెయ్య" అన్నాను. సగం రోజు సెలవిచ్చాడు. మాట మీద నిలబడే మనిషితో ఇదే చిక్కు, ఆటపట్టించడానికి కూడా వీలుండదు.

మా షాపు ఒక కిరాయి ముల్గీలో, అంటే రోడ్డు పక్క షట్టరు గదిలో ఉండేది. దానికి సరిగ్గా ఎదురుగా, రోడ్డు అవతల, చాచా కొనుక్కున్న మూడు గుంటలు. నేను రావడానికి చాలా ఏళ్ళ ముందే గంగారెడ్డి అనే రైతు దగ్గర కొన్నాడు. తెల్ల కాగితం మీద నాలుగు వాక్యాలు, ఇద్దరు సాక్షుల సంతకాలు, అందరికీ చాయ్. అంతే. అప్పట్లో మా వైపు సగం భూములు అలాగే చేతులు మారాయి. రిజిస్ట్రేషన్ మాట ఎత్తితే ఎదుటివాణ్ణి దొంగ అన్నట్టే. చాచా ఎవరినీ దొంగ అనలేదు. కాని తెల్ల కాగితానికి కరెంటు మీటరు రాదు, కరెంటు లేకపోతే వైండింగు నడవదు. అందుకే భూమి ఉండి కూడా షాపు కిరాయి ముల్గీలోనే ఉండిపోయింది. ఎదుటి జాగాలో ఒక రేకుల పందిరి, మూల విరిగిన బెంచీ, మంచినీళ్ళ మట్టి రంజన్ ఉండేవి. మోటరు కోసం వచ్చిన రైతులు అక్కడ కూర్చునేవారు. పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఎవరెవరో వచ్చి కొమ్ములు ఆరబోసుకునేవారు. మిగతా రోజుల్లో పక్కింటి మేకలు మేసేవి. చుట్టూ కంచె లేదు, గోడ లేదు.

"చాచా, నాలుగు కడీలన్న పాతరాదు?" అని ఒకసారి అడిగాను.

"ఎందుకు?"

"నీదని తెలువాలె గద."

"నాకు ఎరుకే గదరా."

ఇంతటితో ఆ చర్చ ముగిసిందనుకున్నాను. కాని ఆయన చేతిలోని తీగ కింద పెట్టాడు. పని మధ్యలో తీగ కింద పెట్టడం అరుదు.

"ఇదివరకు రంజన్ గీ ముల్గీ ముంగట్నే పెడుతుంటి. ఓనరు వచ్చి, గడప మీద జనం జమైతున్నరు, తియ్యి అన్నడు. ఆయన గడప, ఆయన ఇష్టం. తీసిన. గా రోజు ఒక ముసలామె ఎండలవడి వచ్చి నీళ్ళున్నయా అంటే లోపట్నుంచి చెంబుల తెచ్చిచ్చిన, దొంగతనం చేసినట్టు. నీళ్ళు పోసెటందుకు గూడ ఇంకొకని పర్మిషన్ గావాలెనంటే గదేం బతుకు? గందుకే కొన్న. ఇప్పుడు కంచె ఏసి రావద్దు అననీకా?" అని ఆగి, "కిరాయి జాగల రమ్మనే హక్కు లేకుండె. అది కొనుక్కున్న" అన్నాడు.

ఆస్తి అంటే ఇంకొకణ్ణి బయట నిలబెట్టే హక్కని నేను అప్పటిదాకా అనుకున్నాను. నేనే కాదు, మా వాడకట్టులో అందరూ అదే అనుకునేవారు. గోడలు అందుకే కట్టేవారు, గోడ మీద గాజు పెంకులు అందుకే గుచ్చేవారు. లోపలికి పిలవడం కోసం భూమి కొన్న మనిషిని నేను మొదటిసారి చూశాను. చూసి, "అయితే మేకలను గూడ నువ్వే పిలిచినవా?" అన్నాను. చాచా విరగబడి నవ్వాడు. ఆ మేకల జోకు అక్కడ పుట్టింది. అక్కడే చచ్చిపోయి ఉంటే బాగుండేది.

గంగారెడ్డి పోయాడు. ఆ రోడ్డు మీద భూమికి ధర వచ్చింది. ఆ రెండింటి మధ్య ఆయన కొడుకు నరేందర్‌కు తండ్రి ఆస్తి మీద ప్రేమ పుట్టింది. అదే సమయంలో సర్కారువాళ్ళు తెల్ల కాగితాల మీద కొన్న భూములకు పట్టాలిస్తామని దరఖాస్తులు తీసుకున్నారు. చాచా దరఖాస్తు పెట్టాడు. నరేందర్ అడ్డం తిరిగాడు. కాగితం మీద సాక్షి సంతకాలు పెట్టిన ఇద్దరూ అప్పటికే లేరు. మిగిలింది ఒక్కటే. రెవెన్యూ ఆఫీసు నుంచి ఒక సారు జాగా దగ్గరికి వచ్చి, భూమి ఎవరి కబ్జాలో, అంటే ఎవరి స్వాధీనంలో ఉందో చూసి, నలుగురిని అడిగి పంచనామా రాస్తాడు. చాచాది అని రాస్తే చాచాది. లేదంటే కాగితం కాగితమే.

పంచనామాకు ముందురోజు నరేందర్ నన్ను హోటల్లో కూర్చోబెట్టి చాయ్ చెప్పాడు.

"ఇంకెన్ని రోజులుంటవే గా చాచ కింద? నేనాడ ముల్గీలు కడుత. ఫస్టు షట్టరు నీకే."

"నేనేం జెయ్యాలె?" అన్నాను.

"ఏం జెయ్యకు. అబద్ధం గూడ చెప్పకు. ఊకె ఉండు, సాలు."

నేను నవ్వాను. నా నవ్వుకు అప్పటికే ఊళ్ళో చాలా అర్థాలు ఉండేవి, నరేందర్ తనకు కావలసింది తీసుకున్నాడు.

మరునాడు సారు వచ్చాడు. చాచా ఇస్త్రీ బట్టలు వేసుకుని, తెల్ల కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, పెళ్ళిచూపులకు కూర్చున్నట్టు బెంచీ మీద కూర్చున్నాడు. సారు చుట్టూ చూసి, "ఈ రంజన్ ఎవరిది?" అని అడిగాడు. "తొవ్వొంట పోయెటోళ్ళకు ఊరోళ్ళు పెట్టిండ్రు సార్" అన్నాడు నరేందర్. రెండేళ్ళుగా ప్రతి పొద్దున ఆ రంజన్ నింపింది నేను. నోరు విప్పలేదు. చాచా నా వైపు చూసి, "మావోడు చెప్తడు సార్, వీడు రోజు ఈడనే ఉంటడు" అన్నాడు.

సారు నా వైపు తిరిగాడు. "చెప్పు తమ్మీ, ఈ జాగ ఎవరి కబ్జాల ఉంది?"

పదిమంది నిలబడి ఉన్నారు. అందరూ నా నోటి వైపు చూస్తున్నారు. జోకులు వేసేవాడికి అది కల్లు కంటే మత్తు.

"నిజం చెప్పాలెనంటే మేకల కబ్జాల ఉంది సార్. మా చాచ అప్పుడప్పుడు వాటి పర్మిషన్ తీసుకోని వస్తుంటడు."

గొల్లున నవ్వారు. సారు నవ్వాడు. నరేందర్ తొడ చరిచి నవ్వాడు. అందరికంటే ఎక్కువ చాచా నవ్వాడు, ఆ ప్లాస్టిక్ కవరుతో కళ్ళు తుడుచుకుంటూ. సారు నవ్వుతూనే రాశాడు, రాసింది చదివి వినిపించాడు. ఖాళీ స్థలం, చుట్టూ ఎటువంటి హద్దులు లేవు, మేకలు మేయుచున్నవి, దరఖాస్తుదారుని కబ్జా కనిపించలేదు. విన్నాక చాచా నవ్వు ఆగింది. సారు పెన్ను నా చేతికి ఇచ్చాడు. "సార్, అది మస్కిరికి అన్న" అని ఒక్క మాట అంటే సరిపోయేది. సంతకం పెట్టాను.

జోకు నోరు జారి వచ్చిందా, షట్టరు కోసం వచ్చిందా అని చాలా రోజులు నన్ను నేను అడిగినట్టు నటించాను. తెలియదని చెప్పుకుంటే మర్యాదగా ఉంటుంది. తెలుసు.

దరఖాస్తు కొట్టేశారు. పందిరి తీసేశారు, రంజన్ పగిలింది, ముల్గీలు లేచాయి. మొదటి షట్టరు నేను తీసుకున్నాను. ఇక్కడ మీరు నన్ను క్షమించే ఏర్పాటు ఏదైనా చేద్దామని చూశాను, దొరకలేదు. ప్రారంభోత్సవానికి చాచా రాలేదు. నెల తర్వాత ఒక మధ్యాహ్నం రోడ్డు దాటి వచ్చి, నా షట్టరు ముందు, మెట్టు కింద ఆగాడు. బేరింగు ఊడదీసే పుల్లర్ ఆయనది విరిగిందట. ఒక గంటకు నాది కావాలి.

"లోపటికి రావచ్చా?" అని అడిగాడు.

ఎత్తిపొడుపు కాదు. ఇతరుల జాగాలోకి వచ్చేటప్పుడు ఎవరైనా అడిగినట్టే అడిగాడు. నేను సరిగ్గా ఆ విరిగిన బెంచీ ఉండిన చోట నిలబడి ఉన్నాను. పుల్లర్ బయటికి తెచ్చిచ్చాను, దొంగతనం చేసినట్టు.

"చాచా, నేను పోయి సార్‌కు మల్ల చెప్త" అన్నాను.

"ఏం చెప్తవు బేటా? మేకలు లేకుండె అని చెప్తవా? ఉండె గద."

సాయంత్రం పుల్లర్ తుడిచి, నూనె పెట్టి తిరిగి ఇచ్చాడు. మెట్టు ఎక్కలేదు. ఎనిమిది నెలల తర్వాత నేను ఆ షట్టరు వదిలి ఇటు వచ్చేశాను. త్యాగం అనుకోకండి, నరేందర్ కిరాయి పెంచాడు. నా గల్లాపెట్టె మీద చెప్పులతో కాలు పెట్టి కూర్చుని మరీ పెంచాడు. ఆయన ముల్గీ, ఆయన ఇష్టం.

చాచా చివరి రోజులు సారంగాపూర్‌లో బిడ్డ దగ్గర గడిచాయి. పోయాడని మూడు రోజులకు తెలిసి వెళ్ళాను. ఆయన బిడ్డ చాయ్ ఇచ్చి నా పేరు అడిగింది. చెప్పగానే మొహం వెలిగింది.

"అన్నా, మేకల జోకు చెప్పింది మీరేనా? మా అబ్బా, ఇంటికి ఎవరొచ్చినా గదే చెప్పి నవ్వేటోడు."

"పూర్తిగా చెప్పేటోడా?" అని అడిగాను.

"మేకల పర్మిషన్ దాంక చెప్పేటోడు. తర్వాత ఏమన్న ఉందా?"

"ఏం లేదమ్మా" అన్నాను. చాయ్ వేడిగా ఉంది, అయినా ఒక్క గుక్కలో తాగేశాను.

ఇప్పుడు తంగళ్ళపల్లిలో ఈ షాపు, కింది రెండు గుంటలు నావి. రిజిస్ట్రేషన్ అయింది, మీటరు ఉంది, కాగితాలు మూడు సెట్లు జిరాక్సు తీయించి మూడు చోట్ల పెట్టాను. గోడ కట్టాను గాని గేటు పెట్టలేదు. పందిరి కింద బెంచీ వేశాను, పక్కన రంజన్ పెట్టాను. సాంచెల మీద పని చేసి చెవులు దిబ్బళ్ళు పడ్డ కార్మికులు మధ్యాహ్నం ఇటు వస్తారు. కొత్తగా వచ్చినవాడెవడైనా గోడ సందులో ఆగి, "అన్నా, లోపటికి రావచ్చా?" అని అరుస్తాడు. పాతవాళ్ళు నా మొహం చూసి, ఇప్పుడేదో జోకు పడుతుందని ఎదురుచూస్తారు. చేతిలో తీగ కింద పెట్టి, లేచి గోడదాకా వెళ్ళి, రమ్మంటాను. కూర్చున్న చోటి నుంచి ఆ మాట నాకు రాదు. తిరిగి వచ్చేసరికి చుట్ల లెక్క తప్పి ఉంటుంది, మొదటి నుంచి చుడతాను.

రంజన్ నల్లా వారం రోజులుగా కారుతోంది. వాషరు మార్చాలి.