కాయని చెట్టు తరఫున

మా పెద్దమ్మ పోయింది. టెలిగ్రాం కంటే ముందే చల్లపల్లి తొలి బస్సుకు వాళ్ళ పాలేరు భవానీపురంలో మా ఇంటికొచ్చి చెప్పాడు. "నిన్న సాయంత్రం తోటలో పాదులు తవ్విస్తా కూలబడిపోయారండీ." రోహిణి కార్తె ఎండల్లో, ఆ వయసులో, తోటలో పనేమిటని ముందు విసుక్కున్నాను. ఏడుపు తరవాత వచ్చింది.

తోటలున్నవాళ్ళకు తెలుసు, వేసవి చివర ఊపిరి సలపదు. కాలవకు నీళ్ళు వదిలేలోగా పాదులు చేయించాలి, ఎండుకొమ్మలు కొట్టించాలి, ముదురు బీరకాయల విత్తనాలు బూడిదలో కలిపి దాచాలి. సెలవులకు వెళ్ళిన నన్ను పెద్దమ్మ ఒక్క క్షణం కూర్చోనిచ్చేది కాదు. "పిందెకేసి వేలు చూపించకే, రాలిపోద్ది" అని చేతిమీద ఒకటి వేసేది. ఇవాళ నా పెరట్లో నాలుగు మొక్కలు బతికాయంటే ఆ దెబ్బల పుణ్యమే.

అన్నిటికన్నా చివరి పని బావి దగ్గరి మామిడిచెట్టుది. అది ఏనాడూ కాయలేదు. కాయని చెట్టును గొడ్డలి చూపి బెదిరించడం మా వైపు ఆనవాయితీ. గొడ్డలి నా చేతికిచ్చి తను మాను వెనక్కి వెళ్ళేది. "కొట్టేస్తున్నా" అని నేననాలి. "ఈ ఏటికి వదిలెయ్ తల్లీ, పై ఏడు కాస్తాను" అని చెట్టు తరఫున తను బతిమాలాలి. ఆ గొంతు పెద్దమ్మది కాదు. సన్నగా, మాను లోపల్నుంచి వచ్చినట్టుండేది. నాకు ఒళ్ళు జలదరించేది.

"దానికి నోరు లేదు కదే. ఎవరో ఒకరు అడగాలి" అనేది, తన మామూలు గొంతుతో.

నేను వెళ్ళేసరికి ఆవిడను వసారాలో పడుకోబెట్టారు. చితికి మామిడికట్టెలు కావాలని ఆవిడ కొడుకు, మా అన్నయ్య, గొడ్డలి తీసుకుని తోటలోకి పోతున్నాడు.

"ఏ చెట్టు అన్నయ్యా?"

"కాయనిది అదొక్కటేగా, అమ్మాయ్."

అన్నేళ్ళుగా ఏ చెట్టు ప్రాణం కోసం ఆవిడ బతిమాలిందో, ఆ చెట్టుతోనే ఆవిడను కాల్చడమా? నా మనసు ఒప్పలేదు. అతనికన్నా ముందు పరుగెత్తి, మాను వెనక ఆవిడ నిలబడే చోట నిలబడ్డాను.

ఎండ నడినెత్తిన ఉంది. ఆకు కదలడం లేదు. వీపుకు తగిలిన బెరడు మాత్రం చల్లగా, చెమ్మగా ఉంది. అవతల అన్నయ్య గొడ్డలి ఎత్తిన అలికిడయింది. అడగాలి. ఏమని అడగాలో తోచక మానుకు మరింత ఆనుకున్నాను.

గొడ్డలి నేలమీద పడిన చప్పుడు.

"సరే, వదిలేస్తాలే" అన్నాడు అన్నయ్య. "అంతలా బతిమాలుతున్నావుగా."

నేనింకా నోరే విప్పలేదు.