వెనక సీటు లేని కారు

మా బావని మా వీధిలో పాముచెవి అంటారు. అసలు పేరు చెప్పి అడిగితే ఎవరూ దారి చూపించలేరు. పాముచెవి మేస్త్రి షాపు ఎక్కడ అంటే చాలు, సైకిలు మీద పోయేవాడు కూడా ఆగి చెబుతాడు. కార్లకి ఆడియో బిగించడం ఆయన పని. అదే షాపులో ఓ మూల మా అక్క కుట్టుమిషను పెట్టుకుని సీట్లకీ తలుపులకీ కవర్లు కుడుతుంది. పక్క షెడ్డు నాది, కార్లకి రంగులు వేస్తాను. మా మధ్య ఉన్నది ఒక్క రేకు గోడ. వాళ్ళ సంసారం నాకు వినపడుతుంది, నా థిన్నరు వాసన వాళ్ళకి కొడుతుంది.

ఆ పేరు ఊరికే రాలేదు. ఓసారి ఒకాయన కొత్త స్పీకరు గరగరమంటోందని గొడవకి వచ్చాడు. బావ ఇంజను ఆపించి, పాట పెట్టించి, కళ్ళు మూసుకుని విన్నాడు. "స్పీకరు బాగానే ఉంది. తలుపు లోపల తలపిన్ను ఒకటి పడింది" అన్నాడు. విప్పి చూస్తే పిన్నే. అప్పుడు పక్క సీట్లోంచి ఆయన భార్య దిగింది. ఆవిడ జుట్టు మగపిల్లాడి క్రాపంత ఉంది. తరవాత ఆ ఇంట్లో ఏం జరిగిందో తెలియదు కానీ, ఆయన మళ్ళీ మా వీధిలోకి రాలేదు.

నాకు బావంటే ఇష్టమే. ఆయన చెవి గర్వం చూస్తేనే ఒళ్ళు మండేది. రేడియో రిపేరు షాపులో నేల ఊడుస్తూ పని నేర్చుకున్న మనిషి. "నా ఆస్తి ఈ రెండు చెవులేరా" అనేవాడు. మా అక్కతో పెళ్ళి మాట్లాడటానికి మా ఇంటికి వచ్చిన రోజున కూడా, పైకి చూసి, "మీ ఫ్యాను బేరింగు పోతోందండీ" అన్నాడు తప్ప అమ్మాయి గురించి ఒక్క ముక్క అనలేదు. వారం తిరగకుండా ఫ్యాను ఆగిపోయింది. దాంతో మా నాన్న పడిపోయాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఎనిమిది నెలల నుంచి ఆ మనిషి మారాడు. ఇరవై ఏళ్ళుగా వీధి వైపు ఉన్న తన స్టూలు తీసుకెళ్ళి, ఎడమ పక్క గోడ వచ్చేలా వేసుకున్నాడు. ఫోను కుడిచేతికి మారింది. "నా మాట పెడచెవిన పెడుతున్నారు" అని అక్క గొణిగేది. "ఇరవై ఏడేళ్ళు విన్నాడుగా, కోటా అయిపోయింది" అని నేను రేకు అవతల నుంచి అందించేవాణ్ణి. బావ నవ్వేవాడు. ఎవరి వైపు చూసి నవ్వాలో ఓ క్షణం వెతుక్కునేవాడు. అది నేను చూసి కూడా పట్టించుకోలేదు.

అలాంటి రోజుల్లో ఆ కారు వచ్చింది. అరవై ఏళ్ళనాటి స్పోర్ట్స్ కారు, ముదురాకుపచ్చ రంగు, పొడుగు ముక్కు, మడిచేసే గుడ్డ టాపు. రెండే సీట్లు. సీట్ల వెనక చిన్న సంచి పట్టేంత చెక్క గట్టు, అంతే. తెచ్చింది మా వీధి చివర పళ్ళ డాక్టరమ్మ. అది ఆవిడ అన్నయ్యదట. పాతసామాన్ల కొట్టు నుంచి తెచ్చి, తన చేతులతో బాగుచేసుకున్నాడట. కిందటేడు పోయాడు.

కారు షాపులోకి వెనక్కి పెట్టాలి. ఆవిడ వీధిలోనే ఆపేసి నన్ను పిలిచింది. "కాస్త వెనక నిలబడతారా? రివర్స్ అంటే నాకు చచ్చేంత భయం." నా పళ్ళు రెండు పీకిన మనిషికి భయమేమిటా అనుకుని వెనక నిలబడ్డాను. అంగుళం అంగుళం వచ్చింది. ఆవిడ మెడ మీద చెమట నాకు కనపడుతూనే ఉంది.

ఆవిడ కోరిక చిన్నదే. డాష్‌బోర్డు కొయ్యకూడదు, రెండు మీటల పాత రేడియో చూడటానికి అలాగే ఉండాలి, కానీ ఫోనులోంచి పాటలు రావాలి. బావ మొహం వెలిగిపోయింది. ఆ కాలం కార్లలో కొన్నిటికి కరెంటు తిరగబడి ఉంటుంది. ఇప్పుడు బ్యాటరీ మైనస్ తీగ బాడీకి కలుపుతారు, వాటికి ప్లస్ కలిపేవారు. కొత్త ఆడియోని అలాగే బిగిస్తే మాడిపోతుంది. అందుకని బావ రెండు రోజులు కూర్చుని కారు మొత్తాన్ని తిరగేశాడు. ప్లస్ ఉన్నచోట మైనస్, మైనస్ ఉన్నచోట ప్లస్.

"అద్దంలో ఉన్న కారుని ఇవతలికి లాగుతున్నట్టుందిరా బామ్మర్దీ" అన్నాడు. నాకు ఆ మాట నచ్చలేదు.

రేడియో లోపల ఖాళీ చేసి కొత్త పరికరం పెట్టాడు. యాంప్లిఫయరు సీటు కింద దాచాడు. కాళ్ళ దగ్గర అటొకటి ఇటొకటి స్పీకర్లు బిగిస్తే, అక్క వాటికి కారు లోపలి రంగు గుడ్డే వెతికి కుట్టింది. వెనక మాత్రం ఏమీ పెట్టలేదు. అంతా అయ్యాక నన్ను పిలిచి, "ఓసారి కూర్చుని విను" అన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన నా చెవిని అడగడం అదే మొదటిసారి. ఓ పాట విని, బాగుందని చెప్పి, నా రంగు ఆరిపోతోందని పరిగెత్తాను.

కారు తీసుకెళ్ళిన నాలుగో రోజు మధ్యాహ్నం డాక్టరమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి కారు లోపలికి నేనే పెట్టాను.

"మేస్త్రిగారూ, వెనక పెట్టిన స్పీకరు తీసేయండి."

"వెనక స్పీకరు లేదండీ."

"ఉంది. పాటలు ముందు నుంచే వస్తున్నాయి. మా అన్నయ్య మాటలు పెడితే మాత్రం నా వెనక నుంచి వస్తున్నాయి."

అన్నయ్య మాటలంటే ఓ పాత క్యాసెట్టు. టేప్ రికార్డరు బాగుచేసి, పనిచేస్తోందో లేదో చూడటానికి ఆయన నాలుగు నిమిషాలు మాట్లాడిన మాటలు. ఆవిడ దాన్ని ఫోనులోకి ఎక్కించుకుంది. ఆవిడ ఫోను నొక్కింది, నేను సీట్లో కూర్చున్నాను. మంచినీళ్ళ మోటారు రెండుసార్లు ఆన్ చెయ్యకండి అంటున్నాడాయన. అమ్మ కళ్ళజోడు పై సొరుగులో ఉంది అంటున్నాడు. మాటలు మామూలువే. కానీ అవి నా కాళ్ళ దగ్గర నుంచి రావడం లేదు. నా మెడకి జానెడు వెనక, ఆ గట్టు మీద ఎవరో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని చెబుతున్నట్టుంది. వెనక్కి తిరిగి చూశాను. ఖాళీ గట్టు, దాని మీద కొంచెం దుమ్ము. మళ్ళీ ముందుకి తిరిగే ధైర్యం నాకు వెంటనే రాలేదు.

"బావా, నువ్వు విను" అని దిగిపోయాను. బావ కూర్చుని మొత్తం విన్నాడు. "నాకు మామూలుగానే ఉందే" అన్నాడు. అని నా మొహం చూసి, తన మొహం దించుకున్నాడు.

డాక్టరమ్మ కారు తలుపు మీద చెయ్యి వేసి నిలబడింది. "నాకు డ్రైవింగు ఈ కారులోనే వచ్చింది. నాన్న పక్క సీట్లో కూర్చుని అరిచేవాడు. అన్నయ్య వెనక గట్టు మీద ముడుచుకుని కూర్చుని, నా చెవిలో చెప్పేవాడు. నాన్నకి వినపడకుండా. అచ్చం అక్కడి నుంచే." ఆ గట్టు వైపు చూసింది. "తీసెయ్యమనే వచ్చాను, మేస్త్రిగారూ. మూడు రోజులు నిద్ర లేదు. ఇప్పుడు మీ ముందు విన్నాక తీయించాలని లేదు. ఏమీ ముట్టుకోకండి. అలాగే ఉండనివ్వండి."

బావ నన్ను రేకు గోడ పక్కకి లాక్కెళ్ళాడు.

"ఒక స్పీకరుకి తీగలు తారుమారు చేసుంటానురా. రెండు రోజులు ప్లస్సూ మైనస్సూ తిరగేసీ తిరగేసీ, చెయ్యి అలవాటులో దాన్నీ తిరగేసుంటుంది. అలా చేస్తే, రెండు పక్కలా సమానంగా వచ్చే ఒంటి గొంతు ఉంటుందే, అది చోటు తప్పుతుంది. వెనక ఎక్కడి నుంచో వచ్చినట్టుంటుంది."

"మరి నువ్వు కనిపెట్టలేదా?"

"రెండు చెవులుంటే తెలుస్తుంది." ఆయన గొంతు తగ్గించాడు. "ఎడంది పోయిందిరా. ఎనిమిది నెలలైంది. ఓ రోజు పొద్దున్న లేచేసరికి లేదు. చూపించుకున్నాను. నరం చచ్చిపోయింది, ఇక రాదన్నారు."

ఎనిమిది నెలలు నేను వేసిన జోకులన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి సిగ్గేసింది. సిగ్గేస్తే నాకు కోపం వస్తుంది. "అయితే నోరు మూసుకో బావా. ఆవిడకి వాళ్ళన్నయ్య దొరికాడు, నీ పేరు నీకుంటుంది. ఎవరికి నష్టం? ఇది బయటపడితే రేపటి నుంచి నీకు కారెవడిస్తాడు? ఒంటి చెవి మేస్త్రితో ఆడియో ఎవడు పెట్టించుకుంటాడు?"

"తెలుసు" అన్నాడు బావ. "కానీ తప్పు తీగ పెట్టి, అదే మీ అన్నయ్య అని ఎలా ఊరుకోనురా? రోజూ ఆవిడ వెనక్కి తిరిగి మాట్లాడుకుంటుంది, నా పొరపాటుతో."

వెళ్ళి చెప్పేశాడు. తీగల సంగతి, చెవి సంగతి, ఎనిమిది నెలల సంగతి, అన్నీ చేతులు కట్టుకుని నిలబడి చెప్పాడు. మూల కుట్టుమిషను ఆగిపోయింది. అక్క గుడ్డ అలాగే పట్టుకుని ఆయన వైపు చూస్తూ ఉండిపోయింది. నేను ఆమె వైపు చూడలేకపోయాను.

డాక్టరమ్మ కారు తలుపు మీంచి చెయ్యి తీసేసింది. "అయితే సరిచేయండి" అంది చివరికి. పన్ను పీకించుకోడానికి కుర్చీలో కూర్చున్నవాళ్ళ మొహంలా ఉంది ఆవిడ మొహం.

బావ ఎప్పుడూ బ్యాటరీ తీగ ఊడదీశాకే పని మొదలుపెడతాడు. అది ఊడదీసి పట్టుకోమని నాకిచ్చాడు. స్పీకర్ల మీది గుడ్డ తీసి, వాటి తీగలు విడదీసి, టార్చిలైటు సెల్లు తెచ్చాడు. సెల్లు ఆనిస్తే స్పీకరు అట్ట ముందుకి పొంగాలి. లోపలికి పోయిందంటే తీగలు తారుమారైనట్టు. దీనికి చెవి అక్కర్లేదు, కన్ను చాలు.

కుడి స్పీకరుకి ఆనించాడు. అట్ట ముందుకి పొంగింది. ఎడమ దానికి ఆనించాడు.

అదీ ముందుకే పొంగింది.

మళ్ళీ ఆనించాడు. సెల్లు తిప్పి చూశాడు, వేరే సెల్లు తెచ్చి చూశాడు. సీటు కింద యాంప్లిఫయరు దాకా తీగల రంగులు పట్టుకుంటూ వెళ్ళాడు. ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి. ఎక్కడా తప్పు లేదు. ఆయన చేతులు ఏ తప్పూ చెయ్యలేదు. చెయ్యని తప్పు ఒప్పుకుని, దాచుకున్నదంతా అందరి ముందూ పోసేసుకున్నాడు.

"మరి..." అన్నాను నేను.

బావ తీగలు మళ్ళీ కలిపి, గుడ్డ బిగించడానికి డ్రైవరు సీట్లో వంగి కూర్చున్నాడు. షాపులో చప్పుడు లేదు. ఉన్నట్టుండి తల ఎత్తి, ఎడమ భుజం మీదుగా వెనక గట్టు వైపు తిరిగాడు. పిలిస్తే తిరిగినట్టు తిరిగాడు. ఒంటి చెవి మనిషికి శబ్దం వస్తుంది కానీ ఎటు నుంచో తెలియదు. ఎనిమిది నెలలుగా ఆయన వెతుక్కుంటూనే ఉన్నాడు. ఇప్పుడు వెతుక్కోలేదు.

"ఏంటి బావా?"

"పెట్టారా మాటలు?"

"ఎవరూ పెట్టలేదు." బ్యాటరీ తీగ ఇంకా నా చేతిలోనే ఉంది. ఫోను డాక్టరమ్మ సంచిలో ఉంది.

బావ ఎడమ చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఈ చెవిలో విన్నాను. 'రానీ, పిచ్చుకా, రానీ' అన్నాడు."

డాక్టరమ్మ అక్కడే ఉన్న నా రంగు డబ్బా మీద కూర్చుంది. నాలుగు నిమిషాల మాటలు నేనూ విన్నాను, అందులో పిచ్చుక లేదు. అక్క మంచినీళ్ళు ఇచ్చింది. అవి తాగాక ఆవిడ అంది: "పిచ్చుక అని మా ఇంట్లో నా పేరు. ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. రివర్స్‌లో గేటు దాటించేటప్పుడు అన్నయ్య అలాగే అనేవాడు."

ఇంకేమీ అడగలేదు. బ్యాటరీ కలపమంది. కలిపాను. కారు ఈసారి ముక్కు లోపలికి ఉంది, బయటికి వెనక్కే పోవాలి. వీధికి అవతల కరెంటు స్తంభం. "ఉండండి, నేను వెనక నిలబడతాను" అన్నాను.

"వద్దు" అంది ఆవిడ.

అద్దం చూడలేదు. తల తిప్పలేదు. కళ్ళు సగం మూసుకుని, వింటున్నట్టు తల కొంచెం వాల్చి, గేరు వేసింది. కారు ఒక్క తూగు లేకుండా వెనక్కి జారింది. స్తంభం దగ్గరవుతుంటే రెండడుగులు ముందుకి వేశాను. కేక వెయ్యబోయాను. ఎవరో 'చాలు' అన్నట్టు కారు ఆగింది. స్తంభానికీ దానికీ మధ్య నా అరచెయ్యి పట్టేంత సందు ఉంది. ఆవిడ చెయ్యి ఊపి ముందుకి సాగిపోయింది. ఎండలో ఆ వెనక గట్టు ఖాళీగానే కనపడింది. దాని మీద దుమ్ము మాత్రం లేదు.

బావ గడప దగ్గర నిలబడి, ఎడమ చెవి తడుముకుంటూ కారు పోయిన వైపు చూస్తున్నాడు. ఆయన మొహంలో ఆశ కనిపించింది. అది అక్క కూడా చూసింది. మెల్లగా వెళ్ళి ఆయన ఎడమ పక్కన, భుజానికి ఆనుకునేంత దగ్గరగా నిలబడింది.

"ఏమండీ" అంది, గొంతు బాగా తగ్గించి, ఆ చెవి దగ్గర.

ఆయన కదల్లేదు.

"ఏమండీ. నేనండీ."

మూడోసారీ అలాగే పిలిచింది. పక్కనే రేకు గోడ దగ్గరున్న నాకు వినపడింది. బావ వీధి చివరికే చూస్తున్నాడు. అక్క కొంగుతో మొహం తుడుచుకుని, ఆయన వెనక నుంచి తిరిగి వచ్చి, కుడి పక్కన నిలబడింది.