కొల్లేటి గట్టున గది దొరికిన విధం

ఇరవై రెండేళ్ళుగా బడిలో పక్షుల పాఠం చెబుతున్నాను. బోర్డు మీద గూడబాతు బొమ్మ గీసి, దాని ముక్కు కింద సంచీ ఎందుకుంటుందో వివరిస్తాను. అనంతపురం జిల్లాలో మా ఊరి చెరువు ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండే ఉంటుంది. నిజం గూడబాతును నేనెన్నడూ చూడలేదు. మొన్న డిసెంబరులో రెండో శనివారం, ఆదివారం సెలవు దొరికింది. ఒక్కసారైనా కొల్లేటి నీళ్ళ పక్కన తెల్లవారడం చూడాలని ఒంటరిగా బయల్దేరాను.

శుక్రవారం సాయంత్రం బండెక్కి, విజయవాడలో మారి, మర్నాడు ఉదయం తొమ్మిదిన్నరకు ఏలూరులో దిగాను. 'కొల్లేరు పక్కనే' అని ఫోన్లో చూసి బుక్ చేసుకున్న లాడ్జి బస్టాండుకు నాలుగడుగుల దూరంలో ఉంది. గది శుభ్రంగానే ఉంది కానీ, కిటికీ తెరిస్తే సిమెంటు గోడౌను. సరస్సు ఎటువైపని కౌంటర్లో ఉన్న పెద్దాయన్ని అడిగాను.

"దగ్గరేనండీ. బస్సులో గంట, అంతే," అన్నాడాయన, కాస్త నొచ్చుకుంటూనే.

తెల్లవారేసరికి నీళ్ళ దగ్గర ఉండాలంటే మాత్రం కుదరదట. మొదటి బస్సు వెళ్ళేసరికే ఎండ వచ్చేస్తుందట. చూడటానికి వచ్చినవాళ్ళంతా సాయంత్రానికి ఏలూరో భీమవరమో చేరుకుంటారని చెప్పాడు. స్నానం చేసి, భోజనం చేసి, గది ఖాళీ చేసేశాను. రెండింటికి కైకలూరు బస్సెక్కాను. ఎక్కడ ఉంటానో అప్పటికి నాకే తెలియదు.

పక్క సీట్లో అరవై ఏళ్ళావిడ, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చుంది. పేరు మరియమ్మగారు. కంటి ఆపరేషనయ్యాక డాక్టరుకు చూపించుకుని వస్తున్నారు. చుక్కల మందు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో చీటీ చదివి చెప్పమన్నారు. రెండుసార్లు చదివాను. బస్సు కొల్లేటి మీదుగా వెళుతుంటే రోడ్డుకు రెండువైపులా చేపల చెరువులు, గట్లు, మళ్ళీ చెరువులు. నా సంగతి విని మరియమ్మగారు, వాళ్ళ మరిది భీమవరం వెళ్ళిపోయాక ఇంట్లో ఒక గది ఖాళీగా పడి ఉందన్నారు.

"నాకైతే ఇష్టమేనండీ. మా ఆయన ఏమంటారో మరి," అన్నారు.

కైకలూరుకు ముందే వాళ్ళ ఊళ్ళో దిగాం. ఆవిడ భర్త దానియేలుగారు వాకిట్లో వల బాగుచేసుకుంటున్నారు. పక్షుల్ని చూడాలని వచ్చానని చెప్పగానే ఆయన చేతిలో పని ఆగింది.

"ఏ డిపార్ట్‌మెంటండీ మీది?"

టీచర్నని చెప్పినా నమ్మలేదు. పక్షులంటూ కొత్తవాళ్ళు వస్తారని, వాళ్ళ వెనకే చెరువుల గట్లు కొలిచి, అవి పక్షుల అభయారణ్యంలో ఉన్నాయని కొట్టేసేవాళ్ళు వస్తారని ఊళ్ళో భయం. దానియేలుగారు ఒక ఆసామి చెరువుకు కాపలా ఉంటారు. చెరువు పోతే ఆయన పనీ పోతుంది. అలా రావడమే తప్పేమోనని నాకు సిగ్గేసింది. వెనక్కి వెళ్ళే బస్సు ఎన్నింటికని అడిగాను.

అంతలో, బండిలో దిద్దుకుందామని తెచ్చుకున్న పరీక్ష పేపర్ల కట్ట గుర్తొచ్చింది. నా దగ్గర వేరే రుజువేమీ లేదు. తీసి ఆయన చేతికిచ్చాను. ఒక్కో పేపరూ తిప్పుతూ పోయారు. ఎవరో అమ్మాయి, తను గీసిన బొమ్మలో గూడబాతు మెడకు ఏకంగా పుస్తకాల సంచీ తగిలించింది. ఆయన అది భార్యకు చూపించారు. ఆవిడ నల్ల కళ్ళద్దాలు పైకెత్తి మరీ చూసి నవ్వారు.

"గదిలో దోమతెర కట్టవే," అన్నారు దానియేలుగారు.

ఆ పూట శీలావతి చేపల పులుసుతో అన్నం పెట్టారు. చేపలో ముళ్ళు ఎలా తీసుకోవాలో మరియమ్మగారే నేర్పారు.

మర్నాడు అయిదున్నరకు దానియేలుగారితో గట్టు మీదికి వెళ్ళాను. మంచు దట్టంగా ఉంది. ఆయన చేతిలో ఒక రేకు డబ్బా, కర్ర ఉన్నాయి. అవి ఎందుకని అడిగాను.

"గూడబాతుల్ని తోలడానికేనండీ. ఒక్కోటి ఎన్ని చేపలు తింటుందో మీకు తెలీదు. చేప తగ్గితే ఆసామి నన్నే కదండీ అడుగుతారు."

నేను ఇరవై రెండేళ్ళ ఆశతో చూడవచ్చిన పక్షిని తరమడమే ఆయన ఉద్యోగం. ఆయనే కర్ర పక్కన పెట్టి, "ఎండ పడేదాకా చూసుకోండి," అన్నారు.

మంచు విడిపోతుంటే అవి కనిపించాయి. ఇరవై, ముప్ఫై ఉంటాయి, వరసకట్టి ఈదుతూ వస్తున్నాయి. అన్నీ ఒక్కసారే మెడలు ముంచి, ఒక్కసారే ఎత్తాయి. ముక్కు కింద సంచుల్లోంచి నీళ్ళు కారిపోతుంటే లోపల చేపలు కదలడం కూడా తెలుస్తోంది. నేను ఇన్నేళ్ళూ బోర్డు మీద గీసింది ఎంత చిన్న బొమ్మో అప్పుడు అర్థమైంది. పక్కకు చూస్తే, దానియేలుగారు కూడా అదే చూస్తున్నారు. అవి మెడ ముంచినప్పుడల్లా ఆయన చెయ్యి కర్ర దగ్గరికి పోయి వెనక్కి వస్తోంది.

ఎండ ఇంకా పడలేదు. "ఇక డబ్బా కొట్టండి," అన్నాను.

ఆయన నా మొహంలోకి చూసి, లేచి డబ్బా మోగించారు. గూడబాతులన్నీ నీళ్ళ మీద పరిగెత్తి, రెక్కల చప్పుడుతో మా తలల మీదుగా లేచాయి. అంత అందమైన దృశ్యం నా జన్మలో చూడలేదు. వాటిని నేనే అడిగి తరిమించుకున్నానన్న బాధా కలిగింది.

"అవతలి మడుగులోకి పోతాయండీ. రేపు మళ్ళీ వస్తాయి. నేనూ వస్తాను," అన్నారాయన.

పదకొండు దాటాక కైకలూరు స్టేషనులో విజయవాడ బండి దొరికింది. వెళ్ళాలనుకునేవారికి ఒక మాట: బస ముందే కుదరదు, అడుగుతూ వెళ్ళాలి, ఎందుకొచ్చారో ఉన్నదున్నట్టు చెప్పాలి. మరియమ్మగారి ఊరి పేరు మాత్రం రాయడం లేదు. వాళ్ళకున్నది ఒక్క గది, అది వ్యాపారం కాదు.

బండిలో ఎదుటి సీటావిడ కొల్లేరు ఎలా ఉందని అడిగింది. బాగుందన్నాను. పక్షీ మనిషీ ఒకే చేప కోసం, ఒకే వేళకు నిద్ర లేచే చోటని చెప్పాలనిపించింది. చెబితే, అందులో నాది ఎవరి పక్షమని ఆవిడ అడుగుతుంది. కిటికీ పక్కకు జరిగి, చెరువులు అయిపోయేదాకా చూస్తూ కూర్చున్నాను.